గుమాస్తా గారి వంటపాక

గూడూరు పక్కన ఒక ఊళ్లో సగానికి సగం తాటాకు కొంపలే. 1958 దీపావళికి ఓ సిసింద్రీ దారి తప్పి ఇరవై ఇళ్లను బుగ్గి చేసింది. మరుసటేడు పంచాయతీ వారు నిబంధన పెట్టారు. మందుసామాను కాలవగట్టున రేకుల షెడ్డులోనే అమ్మాలి. తాటాకు కప్పు కింద ఒక్క టపాకాయ ఉండకూడదు. దొరికితే స్వాధీనం చేసుకుని, అదే పూట కాలవలో ముంచెయ్యాలి. ఆ కాగితం రాసినవాడు గుమాస్తా అంకమ్మరావు. దేవుడు దిగొచ్చి అడిగినా అందులో కామా కూడా మార్చే రకం కాదు.

పండగ ముందురోజు అతను జ్ఞానమ్మ పాకలో సిసింద్రీల గంప పట్టుకున్నాడు. జ్ఞానమ్మ ఆదివారం చర్చి తప్పని మనిషే గానీ, సిసింద్రీలు కూరడంలో ఆ చుట్టుపక్కల ఆవిడ చెయ్యే చెయ్యి.

"మూడ్రోజులుగా ముసురండీ. కాస్త ఆరితే రేపు గట్టుకి పట్టుకెళ్దామనుకున్నా."

"నిబంధన నిబంధనే, జ్ఞానమ్మా."

ఆవిడ బతిమాలలేదు. "తీసుకెళ్లండి. చెమ్మగా ఉన్నాయి కదా అని పొయ్యి దరిదాపులకి మాత్రం రానివ్వకండి" అంది.

"నాకే పాఠాలా?" అంటూ అంకమ్మరావు గంపను సైకిలు వెనక కట్టుకున్నాడు.

దారిలో వాన జోరందుకుంది. నాలుగు మెతుకులు తిని కాలవకి వెళ్దాంలే అని ఇంటికి తిప్పాడు. గంప వసారాలో పెట్టాడు. తిన్నాక కునుకు పట్టింది. అదే పూట అని రాసిన మనిషే నడుం వాల్చాడు.

పెద్ద చప్పుడుకి అదిరిపడి లేచాడు. అతనిది పెంకుటిల్లే గానీ వంటపాక తాటాకుది. ఆ పాకలోంచి సిసింద్రీలు బుస్సుమంటూ దూసుకొస్తున్నాయి. గుమ్మం బయట తల్లి పెద్దింట్లమ్మ కుడిచెయ్యి పట్టుకుని కూలబడి ఉంది. తడిపిన గోనెపట్టా పట్టుకుని అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది జ్ఞానమ్మే. వానకి కప్పులు నానివుండబట్టి ఊరు దక్కింది.

కాంపౌండరు కట్టు కడుతుంటే పెద్దింట్లమ్మ కొడుకు వైపు తప్పుచేసినదానిలా చూసింది.

"జల్లుకి తడిసిపోతున్నాయని పొయ్యి పక్కన ఆరబెట్టానురా. నీ చిన్నప్పుడు ఒక్క కాకరపువ్వొత్తి కొనివ్వలేకపోయాను. ఇన్నాళ్లకి ముచ్చటపడి తెచ్చుకున్నావనుకున్నా."

చెంప మీద కొట్టినా అంకమ్మరావుకి అంత దిమ్మతిరిగేది కాదు. జ్ఞానమ్మ అన్నీ విన్నది, ఏమీ అనలేదు. ఒక్క మాట అన్నా బాగుండేదని అతనికి అనిపించింది.

మర్నాడు రిజిస్టరులో, తాటాకు కప్పు కింద మందుసామాను ఉంచినవారి జాబితాలో, జ్ఞానమ్మ పేరు కింద తన పేరు రాసుకున్నాడు. రాస్తే మాత్రం ఆ చెయ్యి తిరిగొస్తుందా? పెద్దింట్లమ్మ మళ్లీ ఆ వేళ్లతో అన్నం కలుపుకోలేదు.

ఆ తర్వాత ప్రతి దీపావళికీ దొరికిన సామాను అంకమ్మరావు నేరుగా కాలవకే తీసుకెళ్లేవాడు. ఎండైనా వానైనా జ్ఞానమ్మ వెంట ఉండి అవి మునగడం కళ్లారా చూడాల్సిందే. దారిలో ఎవరైనా భోజనానికి పిలిస్తే, "ఇవి మునిగాక" అనేవాడు. మునిగాక ఇంటికొచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, ముందు తల్లికి ముద్దలు కలిపి తినిపించేవాడు.