చ్వాన్‌జౌ గోడ మీద తులసీరాం

అలివేలమ్మ పుట్టిల్లు నగరిలో మగ్గాల ఇల్లు. ఆ ఇంట్లో పొద్దుగూకేసరికి ఎవరెంత పని చేశారో చుట్టిన గుడ్డే చెప్పేది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లకు భర్త తులసీరాం ఉద్యోగం ఏనాడూ బోధపడలేదు. చంద్రగిరి కోటలోని మ్యూజియంలో కాపలా పని ఆయనది. రాతి విగ్రహాలున్న గదిలో పొద్దంతా నిలబడి, వాటినెవరూ తాకకుండా చూసుకుని, సాయంత్రం తలుపులు మూశాక తిరుపతి బస్సెక్కేవాడు. కొత్తలో ఆమె "ఈ పొద్దు ఏం చేసినావు?" అని అడిగేది. "నిలబడినాను" అనేవాడాయన. తర్వాత ఆమె అడగడం మానేసింది. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా కదిలిస్తే "సెంట్రల్ గవర్నమెంటు" అని మాట తప్పించేది.

ఆయన రిటైరైన ఏడాదికి చైనా నుంచి నందిత ఫోను చేసింది. నందిత తులసీరాం చెల్లెలి కూతురు. తిరుపతిలో యోగా చదువుకుని, చ్వాన్‌జౌ అనే పాత రేవు పట్నంలో యోగా నేర్పుతోంది.

"మామా, ఈ ఊర్లో యాడ సూసినా మ్యూజియాలే. నువ్వు రాకుంటే ఇంకెవురొస్తారు? అత్తను గూడా తోడుకోని రా."

"రాళ్ళు సూసేదానికి చైనా దాకా పోవల్నా? ఇన్నేండ్లు సూసింది సాల్లేదా ఈయనకి?" అంది అలివేలమ్మ. అన్నదే గాని, పాస్‌పోర్టు ఫోటోకు పట్టుచీర కట్టుకుని ముందు కూర్చున్నది ఆమే.

చ్వాన్‌జౌలో దిగాక ఆమెకు మొదట నచ్చినవి ఆడపిల్లల కొప్పులు. ఆ ఊరి పాత వీధుల్లో పిల్లలు తలచుట్టూ వలయాలుగా పూలు పెట్టుకుని, ఎర్ర ఇటుకల ఇళ్ళ ముందు ఫోటోలు దిగుతున్నారు. "సూడే నందితా, మనూర్లో మూర మల్లెపూలు పెట్టుకోమంటే మొగం తిప్పుకుంటారు, ఈడ బుట్టలకు బుట్టలు పెట్టుకున్నారు" అని మురిసిపోయింది.

మ్యూజియాల దగ్గరే ఆమెకు ఓపిక చాలలేదు. సముద్రంలోంచి తవ్వి తీసిన పాత ఓడను చూశారు, పింగాణీ గిన్నెలు చూశారు. ఎక్కడికి పోయినా తులసీరాం లోపలికి అడుగు పెట్టగానే వస్తువుల్ని చూడడు. ముందు కిటికీలు చూస్తాడు, పైకప్పు మూలల్లో చెమ్మ ఉందేమో చూస్తాడు, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తాడు. ఆ తర్వాతే ఓడ, గిన్నెలు.

"మీ మామ సూసేది బొమ్మల్నా, తలుపు గడియల్నా?" అని ఆమె నందిత చెవిలో గొణిగింది.

మూడో రోజు ఓడల చరిత్ర చెప్పే పెద్ద మ్యూజియానికి వెళ్ళారు. ఒక గదిలోకి తిరగగానే అలివేలమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా రాతిలో శంఖచక్రాలు పట్టుకుని నిలబడిన స్వామి. పక్కన ఇంకో రాతి పలక మీద, తొండంతో శివలింగానికి పూజ చేస్తున్న ఏనుగు.

"ఇది శ్రీకాళహస్తి ఏనుగు కదా! మన సామి ఈడికెట్ల వచ్చినాడు?"

"ఎన్నో వందల ఏండ్ల కిందట మన దక్షిణాది వర్తకులు ఓడల్లో వచ్చి ఈడ గుడి కట్టుకున్నారంట అత్తా. గుడి పోయింది, రాళ్ళు మిగిలినాయి" అంది నందిత.

అలివేలమ్మకు కళ్ళు చెమర్చాయి. ఇంత దూరంలో మనవాళ్ళు కనబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ముందుకు వంగి స్వామి పాదాలు తాకి కళ్ళకద్దుకోబోయింది.

"తాకబాక అలివేలూ!"

తులసీరాందే అయినా ఆ గొంతు ఆమెకు కొత్త. కోపం లేదు, గట్టిగానూ లేదు. కానీ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అదే క్షణంలో గది అవతలి మూల నుంచి నీలం యూనిఫాం వేసుకున్న ఒక ఆడమనిషి కూడా చెయ్యి చాపి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"సామిని ముట్టుకోగూడదా?" అంది అలివేలమ్మ, చిన్నబోయి.

"ముట్టుకుంటే అరిగిపోతాడే. వచ్చిన ప్రతి చెయ్యీ ఇంతింత తీసకపోతాది. కండ్లతో మొక్కు."

నీలం యూనిఫాం మనిషి వాళ్ళ దగ్గరికి వచ్చింది. నెరిసిన జుట్టు, నవ్వు మొహం. పేరు లిన్. నందిత ఆమెతో చైనా భాషలో, మా మామ కూడా మీలాగే మ్యూజియంలో కాపలా ఉండేవాడని చెప్పింది. లిన్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, తన కుర్చీ తెచ్చి వేసింది. తులసీరాం కూర్చోలేదు. ఆమె కూడా కూర్చోలేదు. ఖాళీ కుర్చీకి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నారు. నందిత అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది.

"జనం మిమ్మల్ని ఎక్కువగా ఏమడుగుతారు?" అంది లిన్.

"బాత్రూం యాడ అని."

లిన్ పగలబడి నవ్వింది. "ఇక్కడా అంతే!"

పాదాల మంట గురించి మాట్లాడుకున్నారు. బడిపిల్లలు గుంపుగా వస్తే ఎవరి మీద ఓ కన్నేసి ఉంచాలో మాట్లాడుకున్నారు. సాయంత్రం తలుపులు మూసే ముందు ఏం చేస్తారని ఆమె అడిగింది.

"ఒక్కసారి అన్ని బొమ్మల మొగాలూ సూసి వచ్చేవాణ్ణి. ఎవురూ సూడమని చెప్పలేదు. సూడకుండా వస్తే ఇంట్లో అన్నం సగించేది కాదు."

ఎన్ని సాయంత్రాలు బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చాడో, ఎన్నిసార్లు "ఆ రాళ్ళనెవురు ఎత్తకపోతారు?" అని తను విసుక్కుందో అలివేలమ్మకు గుర్తుకొచ్చింది.

స్వర్ణముఖి పొంగిన వానల గురించి కూడా ఆయన చెప్పాడు. దారి తెగిపోయి, తన తర్వాత డ్యూటీకి రావలసిన మనిషి రాలేకపోతే ఆ రాత్రి కోటలోనే ఉండిపోయానన్నాడు. లిన్ తల ఊపి, తుఫాను వచ్చినప్పుడు తనూ అలాగే ఇక్కడే పడుకున్నానంది.

అలివేలమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "అప్పుడు మా ఇంట్లోకి నీళ్ళొచ్చినాయి. బియ్యం మూటలు నేనొక్కదాన్నే మిద్దెక్కించినా. అది గూడా సెప్పు నందితా."

నందిత చెప్పింది. లిన్ అలివేలమ్మ చెయ్యి పట్టుకుంది. "మా ఆయనా ఇప్పటికీ ఇదే మాటంటాడు."

ముగ్గురూ నవ్వారు. తులసీరాం మాత్రం నవ్వకుండా భార్య వైపు చూశాడు. "నువ్వుండావనే ధైర్యంతోనే ఆడ ఉన్నాను" అన్నాడు. ఆ మాట నందిత చైనా భాషలోకి మార్చలేదు.

ఆ సాయంత్రం నందిత వాళ్ళను ఒక పుస్తకాల అంగడికి తీసుకెళ్ళింది. పాత ఎర్ర ఇటుకల ఇల్లు అది. కింద పుస్తకాలు, టీ బల్లలు. పైన చిత్రాలు పెట్టే గది. అక్కడ ఒక పడుచు చిత్రకారిణి ఆ ఊరి మామూలు మనుషుల్ని బొగ్గుతో గీసి గోడలకు పెట్టింది. తోలుబొమ్మలవాళ్ళలా బొమ్మలాడించేవాడు ఒకడు, కొయ్య బొమ్మలకు దారాలు కడుతున్నాడు. సేమియా అమ్మే ముసలమ్మ, వల బాగుచేసే జాలరి. అలివేలమ్మ మ్యూజియాల్లో లేని ఓపికతో ఒక్కొక్క బొమ్మ ముందూ ఆగింది. గది చుట్టూ తిరిగొచ్చి నందితను పిలిచింది.

"అందరూ ఉండారు. మ్యూజియం కాపలా మనిషి లేడే? అడుగు ఆ పాపను."

చిత్రకారిణి ఆలోచించింది. నిజమే, రోజూ చూసేవాళ్ళే, ఎప్పుడూ గీయాలనిపించలేదంది.

"ఐతే ఇప్పుడు గియ్యమను. మా ఆయన్ని."

"ఏమే, నీకేమన్నా..." అంటూ తులసీరాం మెట్లవైపు కదిలాడు. అలివేలమ్మ ఆయన భుజం పట్టుకుని ఆపింది. చిత్రకారిణి నవ్వుతూ కుర్చీ చూపించింది.

"కుర్చీ వద్దు. ఈయన పని నిలబడేది. నిలబెట్టి గియ్యమను."

తులసీరాం గోడ పక్కన నిలబడ్డాడు. మొదట చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక తడబడ్డాడు. కాసేపటికి చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి, వీపు నిటారైంది, చూపు గదంతా మెల్లగా ఒక చుట్టు తిరిగి వచ్చింది. కింద టీ తాగుతున్నవాళ్ళు పైకొచ్చి చూశారు. ఆయన ఎవరని ఒకరు అడిగితే నందిత నోరు తెరిచేలోపే అలివేలమ్మ తెలుగులో అనేసింది: "మ్యూజియం కాపలా. చంద్రగిరి కోట. మా ఆయన." మ్యూజియం అన్న మాట తప్ప వాళ్ళకేమీ అర్థమై ఉండదు. అయినా చప్పట్లు కొట్టారు.

వాళ్ళు తిరుపతికి వచ్చేశాక నందిత ఫోటో పంపింది. గోడ మీద బొమ్మలాడించేవాడికీ సేమియా ముసలమ్మకీ మధ్య తులసీరాం బొమ్మ. అలివేలమ్మ ఆ ఫోటోను నగరిలో ఉన్న తన తమ్ముళ్ళందరికీ పంపించింది. పెద్ద తమ్ముడు వెంటనే ఫోను చేశాడు.

"బావ బొమ్మ చైనాలో ఎందుకు పెట్టినారక్కా? ఏం చేసినాడు?"

"అది ఫోన్లో సెప్పేది కాదప్పా. ఆదివారం అందరూ రాండి. కోటకు పోదాం."

అప్పటిదాకా ఆమె కూడా ఆ మ్యూజియంలో అడుగు పెట్టలేదు. ఆదివారం కోటలో ఇప్పటి కాపలాదారు రూపేష్ వాళ్ళను చూడగానే లేచి, "అన్నా, నీకు టిక్కెట్టెందుకు?" అన్నాడు. తులసీరాం అందరికీ కొనే వచ్చాడు. తమ్ముళ్ళు, మరదళ్ళు విగ్రహాల వెంట ఆయన చెప్పేది వింటూ ముందుకు సాగారు. అలివేలమ్మ మాత్రం భర్తను చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు నిలబడే తావు యాడ?"

ఆయన చూపించాడు. కిటికీకి, తలుపుకీ మధ్య. అక్కడి నుంచి గదిలోని విగ్రహాలన్నీ కనబడతాయి. ఆమె వెళ్ళి ఆ చోట నిలబడి, మరదళ్ళు పిలుస్తున్నా కదలకుండా చాలాసేపు చూసింది.