బంపరు లేని బండికి నిమ్మకాయ

మరదలికి తప్ప మన వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. కోదాడలో చెల్లెలి మోకాళ్లు ఎలా ఉన్నాయి? అల్లుడి దగ్గు తగ్గిందా? మిర్యాలగూడలో మా మరదలు బీపీ గోళీలు వేసుకుంటోందా? నాకైతే పొద్దుటి నుంచి గుండె దడ తగ్గడం లేదు.

సూర్యాపేటలో బస్సు కోసం నిలబడితే, హోటల్ ముందు ఒక లారీ ఆగింది. దాని మీద పాతకాలపు రేసు కారు. పైన కప్పు లేదు, నాలుగు చక్రాలూ బయటికే ఉన్నాయి, సీటు ఒక్కటే. మా తమ్ముడు మద్రాసు రేసుల్లో నడిపింది అచ్చం ఇలాంటిదే. ముందు చక్రాలు తిరగడం కళ్లకు కనబడుతుందని ఎంత సంబరంగా చెప్పేవాడో! ఆ బండే తిరగబడి చనిపోయాడు. ఆ ఖాళీ సీటు చూస్తే, వాడు ఇప్పుడే చాయ్ తాగడానికి దిగినట్టు అనిపించింది.

పక్కనే నిమ్మకాయ మిరపకాయల దండ కొని, కారుకు కట్టమని లారీ డ్రైవర్‌కిచ్చాను.

"దీనికి బంపరే లేదు గదా అవ్వా, యాడ కట్టాలె?" అని నవ్వాడు.

చివరిసారి మద్రాసు బస్సెక్కుతూ మా తమ్ముడూ ఇదే మాట అని, నేనిచ్చిన దండ తిరిగి నా చేతిలోనే పెట్టి వెళ్లాడు.

నా ముఖం చూసి డ్రైవర్, "పరేషాన్ గాకు అవ్వా, స్టీరింగ్‌కు కడ్త తియ్" అని పైకెక్కి కట్టాడు.

స్టీరింగ్! అన్నిటికీ భయపడే నాకు గానీ, అంత తెలివిగల తమ్ముడికి గానీ, ఆ రోజు అది ఎందుకు తోచలేదో.

వాడి భార్యే మా మరదలు. ఆ కారు మాటెత్తితే ఇప్పటికీ ఆ పూట అన్నం ముట్టదు. ఇది తనకు చెప్పాలా, వద్దా? ఆదివారం పొద్దున బస్సుకు మిర్యాలగూడ పోతున్నాను, ఆలోగా చెప్పండి.