బాబాయి ఆటలో నేను తీసేసిన గది

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నందిగామలో ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి పని చేస్తాను. పాత ప్రోగ్రాముల్లో చెత్త ఏరడమే నా ఉద్యోగం. ఎవరో ఒకరు రాయనిదే కంప్యూటర్ ఏదీ చూపించదు. నాకున్న నమ్మకం అదొక్కటే.

జగ్గయ్యపేటలో మా పిన్ని భర్త కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. రెండేళ్ళ క్రితం పోయాడు. తొంభైల్లో ఆయనొక ఆట రాశాడు. అందులో బొమ్మలుండవు. ‘కోట గుమ్మం ముందు ఉన్నావు’ అని తెర మీద పడుతుంది, మనం ‘లోపలికి వెళ్ళు’ అని కొడితే తర్వాతి గది వస్తుంది. అంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. సెంటర్లో చదివినవాళ్ళందరూ అది ఆడినవాళ్ళే. వాళ్ళే సార్ జ్ఞాపకంగా దాన్ని మళ్ళీ నడిచేలా చేసిపెట్టమని నన్ను అడిగారు. కుదరదని చెప్పేదాన్నే, ఇంతలో పిన్ని ఫోన్ చేసింది.

“పదేళ్ళు తలుపేసుకుని ఏం రాశాడో నాకూ చూడాలనుందే. ఒక్కసారి చేసిపెట్టమ్మా.”

కోడ్ తెరిస్తే అంతా చిక్కుముడే. ఒకే పని నాలుగు చోట్ల రాసి ఉంది. ఒక చోట తప్పు దిద్ది మిగతా మూడూ అలాగే వదిలేశాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి దూకుతుందో దేవుడికే తెలియాలి. మధ్యమధ్యలో ‘ఇది ముట్టుకుంటే చెయ్యి విరుగుద్ది’ అని సెంటర్ పిల్లలకి బెదిరింపులు. ఎండిపోయిన ఎంగిలి కంచాలు తోమినట్టు మూడు వారాలు తోమాను.

చివర్లో ఒక గది దొరికింది. ఆటలో ఎటు నుంచీ దానికి దారి లేదు. కోట వంటింటి వెనక గదట. ‘మూలన బుచ్చి కూర్చుని ఉంది. బుద్ధి లేనిది.’ బుచ్చి అంటే పిన్నే, బాబాయి ఆవిణ్ణి ఇంట్లో అలాగే పిలిచేవాడు. ఆ గదిలో పనిచేసే మాటలు రెండే. తిట్టు, కొట్టు. ఏది కొట్టినా వచ్చే జవాబు ఒకటే. ‘బుచ్చి ఏడవదు.’

ఊళ్ళో అందరూ సార్ సార్ అంటూ దండలు వేసిన మనిషి ఈయన. పిన్ని కంట పడకూడదని ఆ గది మొత్తం తీసేశాను. ఆటని కూడా కొత్త లాప్‌టాప్‌లో మొదటి నుంచి మళ్ళీ రాశాను. పాత ఫైలు అందులోకి ఎక్కించనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక జగ్గయ్యపేటలో పిన్ని ముందు పెట్టాను. వాట్సాప్ అలవాటే కాబట్టి తడుముకోకుండా చదివింది. ఒంటి వేలితో కొడుతూ కోట గుమ్మం దాటింది, సావడి దాటింది, వంటింట్లోకి వచ్చింది. అక్కడ కాసేపు ఆగి ‘వెనక గడియ తీయి’ అని కొట్టింది.

‘అలాంటి దారి లేదు’ అని రావాలి. నేను రాసింది అదే.

‘మూలన బుచ్చి కూర్చుని ఉంది. బుద్ధి లేనిది’ అని పడింది.

లాప్‌టాప్ లాక్కోబోయాను. పిన్ని నా చెయ్యి పక్కకి నెట్టింది.

“ఉండవే. ఈ గది నాకు తెలుసు, మన వంటింటి వెనకదే. కూరలో ఉప్పెక్కువైతే నన్నిందులో పెట్టి గడియేసేవాడు. ఒక్కోసారి పొద్దుగూకిందాకా తీసేవాడు కాదు.”

ఎండాకాలం సెలవులన్నీ నేను ఆ ఇంట్లోనే గడిపాను. ఆ గది ముందే అష్టాచెమ్మా ఆడుకుంటూ ఆయన తెచ్చిన బిస్కెట్లు తిన్నాను. పిన్ని ఏదని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో నా మీదా అంతే వేసింది.

పిన్ని ‘లే’ అని కొట్టింది.

‘బుచ్చి లేచింది. గడియ తీసే ఉంది. బయటికి వెళ్ళిపోయింది.’

ఆ మూడు ముక్కలూ పిన్ని పైకి చదివింది. తర్వాత ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే ఫైలంతా వెతికాను. బుచ్చి అన్న మాటే లేదు. పిన్ని కొట్టినవే మళ్ళీ కొడితే ‘అలాంటి దారి లేదు’ అని వచ్చింది. ఇంటికెళ్ళి పాత కోడ్ కూడా తీసి చూశాను. అందులోనూ ‘లే’ అన్న మాటకి జవాబు లేదు. శిష్యులకి ఆట బాగుపడలేదని చెప్పేశాను.

మీ బాబాయే పశ్చాత్తాపంతో అలా చూపించాడేమో అంది ఒక స్నేహితురాలు. ఆ మూడు వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయన రాశాడని మాత్రం ఒప్పుకోను.