రాక్షసుడికి వరస కలిపిన పిల్ల

నా చిన్నప్పుడు బెజవాడ భవానీపురంలో మా ఇంటికీ కృష్ణ ఒడ్డుకీ మధ్య రెండు వీధులే. వానాకాలం ఎర్రనీళ్ళొచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తారంటే ఆ హోరు మా వంటింట్లోకి వినిపించేది. అది రాక్షసుడి గొంతని మా దగ్గరే ఉండే అమ్మమ్మ చెప్పింది. పిల్లల్ని భయపెట్టడానికి ఆ రోజుల్లో పెద్దవాళ్ళకి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!

అయితే భయపెట్టి వదిలెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్ళ అడుగున కొండంత రాక్షసుడు, ఏరు దాటేవాళ్ళని మింగుతుంటాడట. ఒక పిల్ల మాత్రం జంకకుండా "మామయ్యా!" అని పిలిచిందట. అన్నాళ్ళూ తిట్టినవాళ్ళే గాని వాడికి వరస కలిపినవాళ్ళు లేరు. కరిగిపోయి, పిల్లని భుజాన ఎక్కించుకుని అవతలి ఒడ్డున దించాడట. వరస కలిపాక ఎవరూ తినరే, అనేది అమ్మమ్మ.

నేను ఊరుకుంటానా? ఒడ్డుకెళ్ళి గుప్పెడు మరమరాలు నీళ్ళలో వేసి, "మామయ్యా, ఇవి నీకే" అని చెప్పొచ్చాను. ఆ తరవాత హోరు వింటే భయం పోయి గర్వం పట్టుకుంది. మా బళ్ళో ఇంకెవరికి ఉన్నాడు అంత పెద్ద మామయ్య?

ఆ గర్వం ఒక్క సాయంత్రంతో అణిగింది. కృష్ణ అవతల మంగళగిరి నేతవాళ్ళ దగ్గర చీరలు తెచ్చి బెజవాడ కొట్లకి వెయ్యడం మా నాన్న పని. పొద్దున వెళ్ళినవాడు దీపాలు పెట్టే వేళకీ రాలేదు. వరద పెరిగిందనీ, బ్యారేజీ మీద బస్సులు ఆపేశారనీ వీధిలో అనుకుంటున్నారు. అమ్మ గుమ్మంలోంచి వీధి మలుపు దాకా వెళ్ళడం, రావడం. అప్పుడు తట్టింది నాకు, నేనెంత పని చేశానో.

నాన్నకీ మా అసలు మామయ్యకీ పడదు. మంగళగిరిలో ఉండే అమ్మ అన్నయ్య ఆయన. పెళ్ళిలో విడిదింటి మర్యాదల దగ్గర మొదలైన తగువు, నేను పుట్టి బళ్ళో చేరినా తీరలేదు. పోయిపోయి రాక్షసుడికి ఆ వరసే కలిపాను! బాబాయ్ అనుంటే నాన్నకి తమ్ముడయ్యేవాడు.

ఏడుస్తూ అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తాను. "అమ్మమ్మా, వరస మార్చొచ్చా? బాబాయ్ అని పిలిచొస్తా."

"ఓసారి పిలిచాక మారుస్తారుటే, వెర్రిమొహమా! ఇప్పుడేం వచ్చిందని?"

"మామయ్యకి నాన్నంటే పడదుగా. తినేస్తాడు."

అమ్మమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. తగువు పడిన ఇద్దరిలో ఒకరు ఆవిడ కొడుకు, ఇంకొకరు అల్లుడు. నాతో కాదు, ఆ హోరుతో చెబుతున్నట్టు అంది.

"పడకపోతే మాట్లాడడు. అంతేగాని తోబుట్టువు పసుపుకుంకాల జోలికి పోతాడుటే, ఎంత రాక్షసుడైతే మాత్రం?"

అందే గాని, నా చెయ్యి పట్టుకుని తనూ వీధి మలుపు దాకా నడిచింది.

బాగా చీకటి పడ్డాక నాన్న వచ్చాడు. చీరల మూట ఆయన దగ్గర లేదు. వెనకాల మామయ్య సైకిలు మీద ఉంది. బస్సుల్లేక మంగళగిరిలో నిలబడిపోయిన బావని చూసి, మూట తన సైకిలుకి కట్టి, బ్యారేజీ మీదుగా నడిపించుకొచ్చాడు. దారిపొడుగునా ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోలేదట! మూట అరుగు మీద దించి, అమ్మమ్మతో "వస్తానమ్మా" అని సైకిలు తిప్పాడు.

నాన్న గోడతో చెప్పినట్టు చెప్పాడు. "అత్తయ్యగారూ, భోంచేసి వెళ్ళమనండి."

మామయ్య కాళ్ళు కడుక్కున్నాడు.

చదువుకున్నాక ఆ పసుపుకుంకాల మాట మీద నాకు నూటొక్క అభ్యంతరాలు వచ్చాయి. చెల్లెలి మొగుడు కాకపోతే మింగెయ్యొచ్చా అని అమ్మమ్మతో దెబ్బలాడాను కూడా. "ముందు మింగకుండా ఉండనీవే, కారణాలు తరవాత వెతుకుదువుగాని" అంది. నా నోటి దురుసుకి మనుషులతో మాట తెగిపోవడం కొత్తేం కాదు. వరస మాత్రం తెంచుకోను. గేట్లు ఎత్తిన రోజున బ్యారేజీ దాటాల్సివస్తే, పక్కనున్నవాళ్ళు ఏమనుకున్నా సరే, కారు అద్దం దించి "మామయ్యా, నేనే" అని చెప్పందే దాటను.