సాధకానికి కట్టిన గది

తిరుపతి శివార్లలో పేదలకు కట్టే అపార్టుమెంట్ల పనికి నన్ను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేసేటప్పటికి నా సర్వీసు ఇంకా కొన్నేళ్ళు మిగిలి ఉంది. ఇళ్ళ నమూనా పైనుంచి వస్తుంది. దాన్ని టైప్ డిజైన్ అంటాం. అందులో ఒక గోడ జరపాలన్నా సూపరింటెండింగ్ ఇంజనీరు ఆమోదం కావాలి.

పునాదులు వేస్తున్న రోజుల్లో, అక్కడ ఇల్లు మంజూరైన మునిరత్నం నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయిస్తాడు. కూతురు కోమలకూ నేర్పిస్తున్నాడు.

"పొద్దున్నే సాధకం సేయకుంటే ముహూర్తానికి ఊపిరి నిలబడదు మేడమ్. గోడకవతల బిడ్డలు పండుకోనుంటారు. యాడ వాయించుకునేది మేము?" అన్నాడు.

ఆ కాలనీకి రాబోయేవాళ్ళలో మేళం కుటుంబాలు ఇంకొన్ని ఉన్నాయి. చివరి బ్లాకు పక్కన, ఖాళీ స్థలం వైపు తలుపుతో, మందమైన గోడలతో ఒక గది గీసి పంపాను. ప్రతిపాదన తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను. సాధక గదికి మా నిబంధనల్లో పద్దు లేదు కనుక 'సామాజిక వినియోగం' కింద మంజూరు చేశారు. జనం ఇళ్ళలో చేరాక, తండ్రీకూతుళ్ళు అందులో వాయిస్తుంటే ఒక ఉదయం బయట నిలబడి చాలాసేపు విన్నాను.

మరుసటి వేసవికి బోర్లలో నీళ్ళు ఉప్పగా మారాయి. ఒక దాత మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తానన్నాడు. కరెంటు, పైపులైను దగ్గరగా ఉన్న గది అదొక్కటే. సామాజిక వినియోగం గదిని దేనికి వాడాలో నివాసుల సంఘం తీర్మానిస్తే చాలు. సమావేశానికి వెళ్ళి, ప్లాంటుకు వేరే షెడ్డు వేయిస్తాను, కొంత గడువివ్వండి అని అడిగాను. వెంకటమ్మ అనే ఆమె లేచింది.

"రోడ్డు దాటిపోయి బిందెలు మోసుకొస్తా ఉండాము మేడమ్. మేళం ఆగినా ఆగుతాది, దాహం ఆగుతాదా?"

గదిని ప్లాంటుకివ్వాలన్న తీర్మానాన్ని ఓటుకు పెట్టారు. అందరికంటే ముందు మునిరత్నమే చెయ్యెత్తాడు. "మేమూ ఆ నీళ్ళే తాగాల గదప్పా" అన్నాడు. పక్కనున్న కోమల చెయ్యెత్తలేదు.

గది ప్లాంటుకు పోయింది. వేరే షెడ్డుకు నేను రాసినా మంజూరు కాలేదు. కొన్నాళ్ళు మేడమీద వాయించారు, ఫిర్యాదులు వచ్చాయి. చివరకు మునిరత్నం ఇంటికి తాళం వేసి పాకాల దగ్గర అద్దెకు పోయాడు. నేను రిటైరయ్యాక ఒక పెళ్ళిలో కనిపిస్తే కోమల ఏదని అడిగాను.

"నాయుడుపేటలో కంపెనీ పనికి పోతా ఉండాది మేడమ్. వాయించడం ఇడిసిపెట్టేసింది" అన్నాడు.

అందరికీ ఒకే నమూనా సరిపోదని ఈ ఉద్యోగంలో త్వరగానే తెలుస్తుంది. కొద్దిమంది కోసం వేరుగా కట్టినదాన్ని ఎందుకు కట్టామో మంజూరులోనే స్పష్టంగా రాయించాలని నాకు ఆలస్యంగా తెలిసింది. అలా రాయించకపోతే ఏదో ఒకరోజు అది అందరి అవసరానికి ఎదురుగా ఓటుకు వస్తుంది. అప్పుడు ఎవరినీ తప్పుపట్టడానికి ఉండదు.