బాపు దగ్గుమందు

నిన్న మా పాపకు పోద్దామని దగ్గుమందు సీసా మూత తీసిన. ఆ తియ్యటి ఘాటు వాసనకు బాపు యాదికొచ్చిండు.

నా చిన్నప్పుడు ఛత్రినాక బస్తీల బాపు హమాలీ పని చేసేటోడు. దగ్గు లేకున్నా రోజూ పొద్దున అసొంటి మందే సీసా ఎత్తి గటగట తాగేటోడు. మూటలు మోసేటోళ్లకు అది టానిక్ అనుకున్న నేను. "నాకింత పొయ్యి బాపూ" అంటే, ఎన్నడు కొట్టనోడు కొట్టిండు. నడుం నొప్పి తెల్వకుండ ఉండాలని తాగుడు మొదలుపెట్టి, అది తాగకుంటే లేవలేని కాడికొచ్చిండని నాకేం తెలుసు. జట్టుల మోసినోళ్లకే కూలి. బాపు పండుకుంటే మా ఇంట్ల పొయ్యి వెలగది.

జట్టు పెద్ద యాదయ్య కాక బాపును దవాఖానల చేర్పించిండు. ఆ అలవాటు మానినంక బాపు చేతిల దబ్బనం పెట్టి, "మోసుడు మేం చూసుకుంటం. నువ్వు గోనెసంచుల మూతులు కుట్టు. కూలి అందరికీ ఒక్కటే" అన్నడు.

బాపును మూలకు కూసోబెట్టిండని నేను కాకతోని చాన్నాళ్లు మాట్లాడలే. బాపు మాత్రం మళ్ల ఆ సీసా ముట్టలే.

పాపకు మందు పోసి, కాకకు ఫోన్ చేసిన.

"ఏంది బిడ్డా, శానా దినాలకు" అన్నడు.

మాఫ్ చెయ్యమందామని చేసిన. "తిన్నవా కాకా" అని అడిగిన.