ఆవిడ మాత్రలకు నా జవాబు

జూన్ నెల, రెండో మంగళవారం. పంజాగుట్టలో ఆసుపత్రి, డాక్టరు గది. ఉన్నవారు: డాక్టరమ్మ, నా భార్య, తోడుగా వచ్చిన మా పక్క ఫ్లాటు ఆవిడ, నేను.

ఆ ఆసుపత్రివాళ్లు బీపీ ఉన్నవాళ్లకు రోజూ ఉదయం ఎనిమిదింటికి ఫోనుకు మెసేజ్ పంపుతారు. మాత్ర వేసుకుంటే ఒకటి, వేసుకోకపోతే రెండు అని తిరిగి పంపాలి. నా భార్య ఫోను సరిగా చూడదని నా నంబరు ఇచ్చాను. ఎర్రమంజిల్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ ఏ కాగితాన్నీ మర్నాటికి ఉంచని వాణ్ణి. మెసేజ్ రాగానే ఒకటి పంపేసేవాణ్ణి. ఆ సమయానికి ఆవిడ ఇంకా పూజలో ఉండేది. మాత్ర టిఫిను తర్వాత. వేసుకుందో లేదో నేను ఏనాడూ చూసింది లేదు.

డాక్టరమ్మ బీపీ రెండుసార్లు చూసి కంప్యూటరు వైపు తిరిగింది.

“మూడు నెలల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు. అయినా తగ్గలేదంటే ఈ మందు చాలట్లేదమ్మా. రేపట్నుంచి ఇంకోటి కలుపుదాం, కొంచెం గట్టిది.”

నా భార్య నా వైపు చూసింది. “అలాగేనండి” అంది. నేను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

అమీర్‌పేటకు తిరిగొస్తుంటే ఆటోలో పక్క ఫ్లాటు ఆవిడ ఊరుకోలేదు.

“వదినా, మొన్న శనివారం ఒక్కపొద్దు అంటివి, గోలి సుత ఏసుకోలేదంటివి గదా?”

“ఊరుకోండి వదినా.”

“ఊకునుడేంది? మస్తుంది మీ కథ. మింగేది నువ్వు, నొక్కేది అన్న!”

ఇద్దరూ నవ్వారు. నేను ఫ్లైఓవరు కింద ఆగిన బస్సులను చూస్తూ కూర్చున్నాను. డాక్టరు ముందు నన్ను తక్కువ చేయకూడదని నా భార్య నోరు మూసుకుంది. నేనెందుకు మూసుకున్నట్టు? పరువుకు భయపడి ఆవిడ ఒంట్లోకి అక్కర్లేని మందు పంపబోయాను.

మర్నాడు ఉదయం, కొత్త మాత్ర వేసుకోవద్దని ఆవిడకు చెప్పి ఒక్కణ్ణే ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ మొదలవకముందే డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. చీటీ తీసుకుని కొత్త మందు కొట్టేసి, “సరే సార్, అసలు ఎన్ని రోజులు వేసుకోలేదు?” అని అడిగింది.

జేబులోంచి నా డైరీ తీశాను. మాత్రకని రోజుకో టిక్కు ఉంది. అవీ ఎనిమిదింటికి పెట్టినవే. అక్కడి నుంచే ఇంటికి ఫోను చేశాను.

“కాళ్లు వాస్తున్నాయని రోజు విడిచి రోజు వేసుకుంటున్నానండీ,” అంది నా భార్య. “మీరెప్పుడూ అడగలేదుగా.”

ఫోను డాక్టరమ్మకు ఇచ్చాను.